జల్లెడ వెనక ఒత్తిడి

నాన్న ప్రాణానికి కాపలా కాస్తుందని మూడు నెలలుగా రెండు పూటలా వేయిస్తున్న తెల్ల బిళ్ళ, పెద్దమ్మాయి నాలుక మీద చక్కెరలా కరిగిపోయింది.

ఆమె దాన్ని రుమాల్లోకి ఉమ్మేసి డబ్బాలోంచి ఇంకొకటి తీసి కొరికింది. అదీ తీపే. మూడోది కొరకాల్సిన పని లేదు. ఈ రుచి ఎక్కడిదో తెలిసిపోయింది. సుగరున్న నాన్న టీలో వేసుకునే తీపి బిళ్ళ ఇది.

"నేను చెప్పలేదూ?" అంది కౌంటర్ వెనక నర్సు. "సైజు అదే, రంగు అదే. కానీ అసలు బిళ్ళకి మధ్యలో గీత ఉంటుంది. వీటికి లేదు."

డబ్బాకి ఏడు రోజులు, రోజుకి రెండు గదులు. నిన్న సాయంత్రం నుంచి ఆదివారం దాకా గదులు నిండుగానే ఉన్నాయి. అన్నింట్లోనూ గీత లేని బిళ్ళలే.

నిన్న నాలుగింటికి తన లాండ్రీలో మడతల బల్ల దగ్గర నిలబడి, హోటలు వాళ్ళ దుప్పట్లు లెక్క చూస్తూ నాన్న ఒక్కసారిగా ముందుకు వంగాడు. తెల్ల దుప్పటి మీద దోసిళ్ళకొద్దీ నెత్తురు. రాత్రికి రాత్రి ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం వేసి, అన్నవాహికలో చిట్లిన నరానికి రబ్బరు బ్యాండ్లు బిగించి నెత్తురు ఆపారు. ఇది రెండోసారి. మొదటిసారి మూడు నెలల కిందట. అప్పుడే ఈ బిళ్ళ మొదలుపెట్టారు.

లివర్ డాక్టరమ్మ రౌండ్లు ముగించి వచ్చేసరికి పదిన్నర. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నర్సు చూపించిన బిళ్ళని వెలుతురుకి పెట్టి చూసి, డబ్బా మూత టక్కున వేసింది.

"ఇది ఈ వారం డబ్బా. సోమ, మంగళ, బుధ. మూడు రోజులు. మూడు రోజుల్లో నరాలు అంతలా ఉబ్బవమ్మా. ఇది మారింది ఈ వారమేనా, ముందు నుంచా?"

"తెలీదు డాక్టర్ గారూ. ఇప్పుడే చూశాను."

"తెలుసుకో. మందు వేసుకుంటుండగానే మళ్ళీ చిట్లిందంటే, మందు ఆయనకి చాలడం లేదని అర్థం. అప్పుడు నేను లివర్ మధ్యలోంచి గొట్టం పెట్టి రక్తానికి పక్కదారి వెయ్యాలి. అసలు మందు పడలేదంటే తప్పు మందుది కాదు. అప్పుడు ఆ అవసరం లేకపోవచ్చు."

"పక్కదారి వేస్తే ఏమవుతుంది?"

"లివర్ వడకట్టాల్సిన చెత్త వడకట్టకుండా తలకెక్కుతుంది. కొందరికి తికమక, మతిమరుపు. ఈ వయసులో, ఈ లివర్‌తో, ఆయనకి వచ్చే అవకాశం ఎక్కువే."

పెద్దమ్మాయి అద్దంలోంచి వార్డులోకి చూసింది. నాన్న లాండ్రీ బట్టలకి వేసే గుర్తులు ఎక్కడా రాసిపెట్టుకోడు. రెండు వేల కుటుంబాల గుర్తులు తలలోనే ఉంటాయి. కాలరు లోపలి చిన్న చుక్క చూసి 'మూడో వీధి కంటి డాక్టరు, ఎడమ చెయ్యి బొత్తాం ఊడింది' అంటాడు. ఆ తలే ఆయన ఆస్తి.

"బి.పి. ఎప్పుడైనా తొంభైకి దిగిందా?" డాక్టరమ్మ కాగితాలు తిప్పుతూ అడిగింది. "పై నంబరు తొంభైకి దిగితే మందు మీరు ఆపొద్దు, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి అన్నాను."

"దిగలేదు. మా బాబాయి రెండు పూటలా కొలిచి పుస్తకంలో రాస్తాడు. ఎప్పుడూ తొంభై పైనే."

"మంచిది. నాలుగింటికి మా వాళ్ళతో కూర్చుని నిర్ణయం తీసుకుంటాను. నాకు తారీఖు కావాలి. 'బహుశా', 'అనుకుంటా' వద్దు."

*

నాన్న కళ్ళు తెరిచే ఉన్నాడు. మొహం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. పక్క మంచం రోగి తాలూకు ఆవిడ బత్తాయి వలుస్తూ జాలిపడుతోంది.

"లివరంటున్నారు. పాపం, ఎంత తాగేవారేంటి?"

"రోజుకి పది," అన్నాడు నాన్న.

ఆవిడ నోరు తెరిచింది.

"టీలు," అన్నాడు నాన్న. ఒక్క చుక్క ముట్టని మనిషికి సుగరూ కొవ్వూ కలిసి లివర్ని రాయి చేశాయని ఇప్పటికి వందమందికి చెప్పి విసిగిపోయాడు.

పెద్దమ్మాయి మంచం మీదికి వంగింది. "నాన్నా, ఆ తెల్ల బిళ్ళ రుచి ఎలా ఉంటోంది?"

"తియ్యగా."

"ఎప్పటి నుంచి?"

"రెండు వారాలో, మూడో. కంపెనీ మార్చారేమో, మన వాళ్ళకి బుద్ధొచ్చింది అనుకున్నా."

"చెప్పొద్దా నాన్నా!"

"చేదుగా ఉంటే చెబుతారు గానీ తియ్యగా ఉంటే ఎవరు చెబుతారే?" అన్నాడు. మళ్ళీ ఆయనే అడిగాడు. "ఇవాళ మంగళవారమా?"

గురువారం. పెద్దమ్మాయి దుప్పటి సర్దింది. రెండు వారాలో మూడు వారాలో అన్న ఈ మాట డాక్టరమ్మ దగ్గర చెల్లదు.

*

లాండ్రీ వెనక గదిలో కోడలు కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. పెద్దమ్మాయి తమ్ముడి భార్య. ఉతికొచ్చిన బట్టల్లో చిరుగులు కుట్టడం, ఊడిన బొత్తాలు వెయ్యడం ఆమె పని. గోడ నిండా గాజు సీసాల్లో బొత్తాలు. తెల్లవే పదకొండు సీసాలు.

పెద్దమ్మాయి మందుల డబ్బా మిషను మీద పెట్టింది.

"ప్రతి ఆదివారం ఇది నింపేది ఎవరు?"

"నేనే. ఏం వదినా?"

"ఒకటి తీసి కొరుకు."

కోడలు కొరికింది. మొహం మారింది. "ఇవి నేను పెట్టినవి కాదు."

"డబ్బాకి కాళ్ళొచ్చాయా? నింపేది నువ్వు. తీపి బిళ్ళల సీసా ఉండేదీ అదే అలమరలో. చీకట్లో చూడకుండా—"

"వదినా, ఆగండి."

"నేనాగుతాను అమ్మాయ్, నాలుగింటికి డాక్టరమ్మ ఆగదు. పొరపాటు అయితే పొరపాటని చెప్పు. నిన్నేమీ అనను. ఎప్పటి నుంచో చెప్పు చాలు."

కోడలు లేచింది. ఒక సీసాలోంచి ఒకటి, ఇంకో సీసాలోంచి ఒకటి, రెండు తెల్ల బొత్తాలు తీసి పెద్దమ్మాయి అరచేతిలో పెట్టింది.

"ఈ రెండింటికీ తేడా చెప్పండి."

"రెండూ ఒకటే కదా."

"ఒకటి చొక్కాది, ఒకటి దిండు గలీబుది. అంచు మందం వేరు. నేను కళ్ళు మూసుకుని వేలితో చెప్తాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా నా పని ఇదే. గీత ఉన్న బిళ్ళకీ లేని బిళ్ళకీ తేడా తెలీనిదాన్నా? మామయ్య ప్రాణం ఆ గీత మీద ఉందని మీరందరూ ఊదరగొడుతుంటే?"

మిషను మోటారు ఇంకా గుయ్యిమంటోంది. కోడలు దాన్ని ఆపింది.

"తొమ్మిదేళ్ళు," అంది మెల్లగా. "తొమ్మిదేళ్ళలో ఈ ఇంట్లో ఏది పోయినా ముందు నా కొంగే వెతుకుతారు."

పెద్దమ్మాయికి చురుక్కుమంది. అది నిజం గనకే చురుక్కుమంది. అరచేతిలోని బొత్తాలు తిరిగి సీసాల్లో వెయ్యబోయి, ఏది ఎందులోదో తెలియక ఆగిపోయింది. కోడలే తీసుకుని వేసింది.

"తప్పు నాదే, నిన్ననకూడదు. కొట్టాలనుంటే నాలుగు దాటాక కొట్టు," అంది పెద్దమ్మాయి. "ముందు ఇది తేల్చాలి. బిళ్ళ మందా, తీపి బిళ్ళా అన్నది మనకి తెలీకపోవచ్చు. ఒంటికి తెలుస్తుంది కదా?"

కోడలు కళ్ళు మెరిశాయి. "పల్సు!"

"ఏంటి?"

"ఈ మందు పడితే పల్సు తగ్గుతుందని డాక్టరమ్మ అన్నారు. అరవై దగ్గర ఉంటే మందు పనిచేస్తున్నట్టని. చిన్నమామయ్య పుస్తకంలో పల్సు గడి కూడా ఉంటుంది!"

*

ఆ పుస్తకం బాయిలర్ గది తలుపు పక్కన మేకుకి తాడుతో వేలాడుతూ ఉంటుంది.

లాండ్రీలో ఇస్త్రీ బల్లలకీ, ఆరబెట్టే పీపాలకీ ఆవిరి పంపే బాయిలర్ని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నడుపుతున్నది బాబాయి, అంటే నాన్న తమ్ముడు. గంటకోసారి ఆవిరి ఎంత, నీళ్ళు ఎంత, మంట ఎంత అని రాయాలి. అది బాయిలర్ ఆపరేటరు పని. నాన్నకి జబ్బు చేశాక ఆయన పుస్తకంలో ఎడమ పేజీ బాయిలర్‌కీ, కుడి పేజీ అన్నయ్యకీ ఇచ్చాడు. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఆరు. పై నంబరు, కింది నంబరు, పల్సు. కొలవడం, రాయడం, బిళ్ళ చేతికివ్వడం, అన్నీ ఆయనే.

కోడలు వెళ్ళి తాడు విప్పి పుస్తకం తెచ్చింది. ఇద్దరూ బొత్తాల సీసాల మధ్య దాన్ని పరిచారు.

కిందటి నెలంతా పల్సు యాభై ఎనిమిది, అరవై, యాభై తొమ్మిది. ఈ నెల ఒకటో తారీఖు యాభై ఎనిమిది. రెండో తారీఖు ఆదివారం పొద్దున అరవై.

మూడు, సోమవారం: అరవై ఆరు. నాలుగు: డెబ్భై అయిదు. అయిదు: ఎనభై మూడు. ఆ తర్వాత నిన్నటి దాకా ఎనభైకి తగ్గలేదు.

"మూడో తారీఖు," అంది పెద్దమ్మాయి. "ఇవాళ ఇరవై ఏడు. ఇరవై నాలుగు రోజులుగా నాన్న ఒంట్లోకి మందు పోలేదు."

"బి.పి. చూడండి. తొంభై నాలుగు, తొంభై రెండు ఉండేది. మూడు తర్వాత నూట నాలుగు, నూట పది." కోడలు వేలు గడి గడికీ జరిగింది. "చిన్నమామయ్య ఎర్ర పెన్నుతో టిక్కులు కూడా పెట్టారు. 'బాగుంది' అని రాశారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. డబ్బా నింపేది కోడలు. అందులోంచి తీసి ఇచ్చేది ఒక్కరే.

"ఆయనైతే పల్సు ఎందుకు రాస్తారు వదినా? దొరికిపోతారు కదా?"

"లాగ్‌బుక్కులో అబద్ధం రాసినవాడికి బాయిలరే జవాబు చెబుతుంది అంటాడు బాబాయి. చచ్చినా తప్పు అంకె రాయడు."

"మరి ఇదేంటి?"

రెండో తారీఖు, ఆదివారం, సాయంత్రం ఆరు. ఆ గడి ఖాళీ.

ఆ సాయంత్రం తామిద్దరూ కొత్త కుట్టు మిషను చూడటానికి బజారుకెళ్ళారు. వెళ్ళేముందే కోడలు డబ్బా నింపి అలమరలో పెట్టింది. ఇంట్లో ఉన్నది నాన్నా, బాబాయీ ఇద్దరే.

గోడ గడియారంలో రెండున్నర. పెద్దమ్మాయి పుస్తకం చంకన పెట్టుకుంది.

"నేనూ రానా?"

"వద్దు. ఇద్దరం వెళితే విచారణలా ఉంటుంది. నేను పాఠం చెప్పించుకోవడానికి వెళ్తున్నాను."

*

బాయిలర్ గదిలో బాబాయి స్టూలు మీద కూర్చుని, నీళ్ళ మట్టం చూపే గాజు గొట్టం తుడుస్తున్నాడు. పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేదు, టిఫిను డబ్బా మూత తియ్యకుండా ఉంది.

"ఎలా ఉన్నాడు అన్నయ్య?"

"నిన్ను అడిగాడు. రాలేదేం?"

"మంట వెలిగి ఉండగా ఆపరేటరు గది దాటకూడదు. నీకు తెలీదూ?" బాబాయి గుడ్డ దులిపాడు. "నిన్న మోసింది నేనే కదా వ్యాను దాకా. చాలు. చూడలేను."

"బాబాయ్, నాకో సందేహం."

"అడిగే వయసులో ఒక్కటీ అడగలేదు. ఇప్పుడడుగు."

"ఆవిరి గొట్టం మధ్యలో జల్లెడ ఉంటుంది కదా, తుక్కు పట్టేది. అది మూసుకుపోయిందనుకో. ఇస్త్రీ బల్ల దగ్గర ఒత్తిడి కొలిచే గేజి ఎంత చూపిస్తుంది?"

"పడిపోతుంది. నాలుగు ఉండాల్సింది రెండుకి వస్తుంది."

"జల్లెడకి వెనక, బాయిలర్ వైపు?"

"అక్కడ పెరుగుతుంది. వెళ్ళే దారి లేదుగా! ఎక్కడ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ పట్టుకుని చిమ్ముతుంది." బాబాయి ఉత్సాహంగా ముందుకి జరిగాడు. "పాత లాండ్రీలో ఒకసారి అలాగే అయింది. నీకు చెప్పానా?"

"చెప్పావు. ఇస్త్రీ గేజి పడిందని చూసి మంట పెంచినవాడి కథ."

"గాడిద వాడు! ఒక్క గేజి చూసి లైను నడిపేవాణ్ణి ఈ గదిలోకి రానివ్వను. ముందుదీ చూడాలి, వెనకదీ చూడాలి, రెండూ చూసి..."

మాట అక్కడ ఆగిపోయింది.

పెద్దమ్మాయి పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. కుడి పేజీ.

"నాన్న లివరు ఆ జల్లెడ బాబాయ్. పేగుల నుంచి వచ్చే రక్తం అంతా దాన్ని దాటే గుండెకి పోవాలి. అది గట్టిపడి మూసుకుపోయింది. వెనక ఒత్తిడి పెరిగి, రక్తం పక్క సందులు వెతుక్కుని అన్నవాహికలో పల్చటి నరాల్లోకి ఎక్కింది. చిమ్మింది అక్కడే. నువ్వు చేతికి పట్టీ చుట్టి కొలిచేది ఇవతలి గేజి."

బాబాయి అంకెల మీద నుంచి చూపు తియ్యలేదు.

"ఇవతల ఎందుకు తక్కువంటే, ఈ జబ్బులో ఒంట్లో మిగతా నాళాలు వదులైపోతాయట. పదిహేనేళ్ళ బి.పి. దానంతటదే తగ్గిందని రెండేళ్ళ కిందట అందరం సంబరపడ్డాం చూడు, అదే ఈ జబ్బు మొదటి కబురు. మనకి చదవడం రాలేదు. ఒత్తిడి చాలక కిడ్నీలు నీళ్ళే లేవనుకుని ఉప్పూ నీళ్ళూ బిగబట్టాయి. అందుకే పొట్ట అలా ఉబ్బింది. ఇదంతా డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆ బిళ్ళ చేతి బి.పి. కోసం కాదు. జల్లెడ వెనక్కి వచ్చే రక్తాన్ని తగ్గించడానికి."

"ఎప్పుడు చెప్పింది?" గొంతు తుప్పుపట్టినట్టు ఉంది.

"మొదటిసారి ఇంటికి పంపిన రోజు. అందరం ఉన్నాం. నువ్వు తప్ప."

"బాయిలర్ వదిలి..."

"వదిలి రాలేదు. తెలుసు."

సేఫ్టీ వాల్వు దగ్గర సన్నగా ఆవిరి బుసకొట్టి ఊరుకుంది.

"నిన్నేమీ అడగను బాబాయ్," అంది పెద్దమ్మాయి. "నాలుగింటికి డాక్టరమ్మ నాన్న లివర్లోంచి గొట్టం వెయ్యాలా వద్దా తేలుస్తుంది. మందు పడి కూడా చిట్లిందా, మందు పడక చిట్లిందా అన్నదాని మీద. గొట్టం వేస్తే నాన్నకి బట్టల గుర్తులు మిగలకపోవచ్చు. మన గుర్తులు కూడా. పుస్తకం తీసుకెళ్తున్నాను. అంకెలు అది చెబుతుంది. మిగతాది అంకెలు చెప్పలేవు."

బాబాయి లేచాడు. నడుం నిటారు చేసి, మంట మీట కిందికి లాగాడు. మంట హోరు ఆగిపోయింది. పనిరోజు మధ్యాహ్నం ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ వెంటనే అవతలి హాల్లో ఇస్త్రీ వాళ్ళ కేకలు. "ఆవిరి పోయింది! బాబాయ్, ఆవిరేదీ?"

"నువ్వు పద," అన్నాడు ఆయన గేజి వైపు చూస్తూ. "వేడి బాయిలర్ని వదిలి రాను. ఆవిరి బయటికి వదిలేసి, ముల్లు సున్నాకి వచ్చాక వస్తాను."

*

మూడూ యాభై అయిదు. వార్డు బయట కోడలు గుమ్మం వైపే చూస్తోంది.

"వస్తారంటారా?"

"వస్తాడు."

"రాకపోతే?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన పగలు మంట ఆర్పింది ఈ ఒక్కసారే. రాకుండా ఉండటానికి ఎవరూ అంత పని చెయ్యరు."

లోపల, నాన్న మంచం పక్కన నిలబడి డాక్టరమ్మ పుస్తకం మొత్తం చూసింది. పల్సు గడి మీద పెన్నుతో రెండుసార్లు తట్టింది. "ఇంత చక్కటి చార్టు మా ఆస్పత్రిలో కూడా లేదు. మూడో తారీఖు నుంచి మందు ఆగినట్టే కనిపిస్తోంది. కానీ కనిపించడం వేరు. పూర్తిగా ఆగిందా, ఒక పూటా? ఎందుకు మార్చారు? ఎవరైనా నోటితో చెప్పాలి. ఈ ఖాళీ గడి ఏమిటి?"

"నేను చెప్తాను డాక్టరమ్మా."

బాబాయి గుమ్మంలో ఉన్నాడు. మోచేతుల దాకా మసి. చేతిలో పాత గ్రీజు డబ్బా.

"ఎవరు మీరు?"

"పుస్తకం నాదే."

మంచం మీద నాన్న తల తిప్పాడు. "ఒరేయ్, బాయిలర్ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు అన్నయ్యా. ఆర్పేశాను."

నాన్న మొహంలో ఆ పూట మొదటిసారి భయం కనిపించింది. "చెప్పకురా," అన్నాడు మెల్లగా. "ఒట్టేశావు."

పెద్దమ్మాయి తండ్రి వైపు తిరిగింది. ఏ ఒట్టు? కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

బాబాయి గ్రీజు డబ్బా మూత తీసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. లోపల శుభ్రంగా కడిగి, పత్తి పరిచి, దాని మీద తెల్ల బిళ్ళలు. ప్రతిదానికీ మధ్యలో గీత.

"యాభై ఆరు ఉన్నాయి. నాలుగు వారాల డబ్బాలు. పారెయ్యలేదు. మందు పారెయ్యడానికి చెయ్యి రాలేదు. మూడో తారీఖు పొద్దుట్నుంచి మా అన్నయ్యకి ఒక్కటి కూడా ఇవ్వలేదు. పొద్దునా లేదు, సాయంత్రమూ లేదు. మా కోడలు, ఈ అమ్మాయి, ఆదివారం సాయంత్రం పెడుతుంది, నేను రాత్రికే తీసేసి తీపి బిళ్ళలు పెడతాను. ఈ అమ్మాయి తప్పేం లేదు. ఇంట్లో ఈ అమ్మాయిని ఎవరైనా ఒక మాట అని ఉంటే ఆ మాట నాకు రావాల్సింది."

డాక్టరమ్మ పెన్ను కదులుతోంది. "ఎందుకు?"

"పెట్టెలో కాగితం చదివాను. రక్తపోటు తగ్గించే మందు అని ఉంది. ఉన్నదే తొంభై రెండు, తొంభై నాలుగు. ఆవిరి పడిపోతుంటే ఇంకో వాల్వు తెరిచేవాడు ఉంటాడా అనుకున్నాను. ఈ డాక్టరమ్మకి గేజి చూడటం రాదనుకున్నాను. ఆపగానే నూట నాలుగు, నూట పది వచ్చింది. టిక్కులు పెట్టుకున్నాను. నా అన్నయ్యని నేనే బతికిస్తున్నానని మురిసిపోయాను. ఒక్క గేజి చూసి నడిపేవాణ్ణి గాడిద అని ముప్ఫై ఏళ్ళు కుర్రవాళ్ళని తిట్టాను డాక్టరమ్మా. ఆ గాడిదని నేనే."

"ఒరేయ్, చాలు," అన్నాడు నాన్న.

"చాల్లేదు అన్నయ్యా. ఒక గడి మిగిలింది."

బాబాయి పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఆ ఖాళీ గడి మీద దాన్ని ఆనించి, గంటకోసారి బాయిలర్ లెక్క చదివే గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

"రెండో తారీఖు, ఆదివారం, సాయంత్రం ఆరు. అప్పటికి మందు పడుతూనే ఉంది. అన్నయ్య స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయాడు. ఎత్తి కూర్చోబెట్టి కొలిచాను. ఎవరికైనా చెబితే ఆస్పత్రిలో పడేస్తారు, లాండ్రీకి రానివ్వరు, చెప్పొద్దురా అని ఒట్టు వేయించుకున్నాడు. తొంభైకి దిగితే మీకు ఫోన్ చెయ్యాలని నాకు తెలుసు. చెయ్యలేదు. చేసి ఉంటే మందు ఎంత ఇవ్వాలో మీరే చూసుకునేవారు, నా తీపి బిళ్ళలతో పని ఉండేది కాదు. లాగ్‌బుక్కులో అబద్ధం రాయను, అందుకని ఏమీ రాయకుండా వదిలేశాను. రాయకపోవడం కూడా అబద్ధమే. రాసుకోండి. పైది ఎనభై నాలుగు. కిందిది యాభై. దాచింది నేను."